మీరడిగారు, మేం చెప్తున్నాం: మోటార్‌హోమ్ రూఫ్ అతుకులు, లీకులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఆర్‌వీ (మోటార్‌హోమ్ లాంటి ఇంటిబండి) రూఫ్ కారుతోందనే గోలే ఉంది, అందుకని మిగతావన్నీ వచ్చే సంచికకి ఉంచి ఈ నెల కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాం. 2021లో అమెరికాలో ఆర్‌వీలు రికార్డు స్థాయిలో తయారయ్యాయి, 6 లక్షల పైచిలుకు బళ్ళు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి. కొత్తవి కొన్నవాళ్ళు పాతవి అమ్మారు, ఆ పాతవి మనవాళ్ళు చాలామంది కొన్నారు. రెండు రకాల బళ్ళకీ ఇప్పుడు పైన అతుకులు ఎండి బీటలు తీసే వయసు వచ్చింది. ఇంజిన్ మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు రూఫ్ మీద పెట్టినా ఆ బండి ఇంకో పదిహేనేళ్ళు నడుస్తుంది, ఈ మాట నేను నమ్మి చెప్తున్నా.

ప్రశ్న: అన్నయ్యా, నమస్తే. మాది 2015 మోడల్ క్లాస్ సి మోటార్‌హోమ్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. మొన్నటి వానలకి ఏసీ పక్కన సీలింగ్ మీద గోధుమ రంగు మరక తేలింది, అరచెయ్యంత ఉంటుంది. మావారు పైకెక్కి ఏసీ చుట్టూ బాత్రూమ్‌కి వాడే సిలికాన్ ట్యూబ్ మొత్తం పెట్టేశారు. మళ్ళీ వాన పడేసరికి మరక ఇంకా పెద్దదైంది. ఏసీయే మార్చాలంటారా? (ఫ్రిస్కో, టెక్సస్)

చెల్లెమ్మా, ఏసీ మార్చే మాట ఇప్పుడే వద్దు. మరక ఎక్కడ కనపడితే నీళ్ళు అక్కడే దిగాయనుకుని చాలామంది డబ్బులు పోగొట్టుకుంటున్నారు. ఆర్‌వీ రూఫ్ ఎలా కట్టుంటుందంటే, పైన పల్చటి పొర, దాని కింద ప్లైవుడ్, దాని కింద చెక్కవో అల్యూమినియంవో అడ్డ దూలాలు, మధ్యలో ఇన్సులేషన్, అన్నిటికంటే కింద మీకు కనపడే సీలింగ్. ఎక్కడో ముందు అతుకులోంచి దిగిన నీరు ఆ దూలాలు పట్టుకుని నడుచుకుంటూ పోయి ఎక్కడ కన్నం దొరికితే అక్కడ బయటపడుతుంది, ఏసీ కోసం కోసిన 14 అంగుళాల చదరపు కన్నం కంటే పెద్ద దారి దానికి ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి, అందుకే ఎక్కడి లీకైనా ఏసీ దగ్గర తేలడం, నింద ఏసీ మీద పడటం మామూలే.

ముందు ఒక విషయం తేల్చుకోండి. వాన లేని రోజు ఏసీ రెండు మూడు గంటలు ఆడించి చూడండి. అప్పుడూ చుక్కలు పడుతుంటే అది వాన నీరు కాదు, ఏసీ కాయిల్ మీద పట్టే చెమ్మ. ఆ నీరు మామూలుగా యూనిట్ అడుగున ఉన్న పాన్‌లోంచి రూఫ్ మీదకి జారి పోవాలి, ఆ కన్నాలు ఆకులూ దుమ్మూ పట్టి మూసుకుపోతే లోపలికి తిరుగుతుంది. కాబట్టి ఏసీ చుట్టూ ఏ సీలెంటూ పెట్టకూడదమ్మా, బయటికి పోవాల్సిన నీరు కూడా అక్కడే నిలిచిపోతుంది. మీ మరక పెద్దదవడానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

వాన పడితేనే కారుతోందంటే, లోపలివైపు ఏసీ ప్లాస్టిక్ మూత ఊడదీసి టార్చ్ వేసి ఆ కన్నం అంచున కోసిన ప్లైవుడ్‌ని వేళ్ళతో తడమండి. చుట్టూ తడిగా నల్లబడి ఉంటే తప్పు గాస్కెట్‌ది, అంటే ఏసీకీ రూఫ్‌కీ మధ్య నొక్కుకుని ఉండే ఫోమ్ పట్టీది. అక్కడ నాలుగు పొడుగు బోల్టులు కనపడతాయి, వాటిని ఒక్కోటీ కొంచెం కొంచెంగా సమానంగా బిగిస్తూ పోవాలి, ఫోమ్ గాస్కెట్ నొక్కుకుని దాదాపు అర అంగుళం మందానికి వస్తే చాలు. బలంకొద్దీ బిగిస్తే అడుగు పాన్ వంగిపోతుంది. గాస్కెట్ పూర్తిగా అణిగిపోయి ఉంటే కొత్తది వేసేయండి, పెద్ద ఖర్చేం కాదు. అంచు పొడిగా ఉండి తడి దూలం వైపు నుంచి వస్తుంటే మాత్రం ఏసీ తప్పేం లేదు, వెతకాల్సింది ఇంకోచోట.

క్లాస్ సి అయితే నేను అందరికంటే ముందు అనుమానించేది డ్రైవర్ మీద బెడ్ ఉండే ఆ ముందు భాగాన్ని. గాలీ వానా ముఖాన కొట్టేది దానికే. రూఫ్ పొర వచ్చి ముందు క్యాప్‌ని (బండి ముఖాన ఉండే ఫైబర్‌గ్లాస్ తొడుగుని) కలిసే అడ్డ అతుకు, ఆ క్యాప్ మీద వరసగా ఉండే ఐదు చిన్న పసుప్పచ్చ లైట్లు, కిటికీ ఉంటే దాని ఫ్రేము, ఇవి మూడూ చూడండి. ఆ లైట్ల వెనక రబ్బరు ఎండకి ఎండిపోయి వైరు పోయే కన్నంలోంచి నీరు నేరుగా చెక్కలోకి దిగుతుంది, చాలామందికి అక్కడ కన్నం ఉందనే తెలీదు. బెడ్ మీద పరుపు ఎత్తి మూలల్లో ప్లైవుడ్ నొక్కి చూడండి, మెత్తగా దిగిందంటే లీకు ఇప్పటిది కాదు.

అప్పటికీ దొరక్కపోతే తోట పైపు పట్టుకోండి. ఒకరు లోపల టార్చ్‌తో, ఒకరు బయట. కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, ఒక్కో చోట పది నిమిషాలు నీళ్ళు నెమ్మదిగా పారనివ్వాలి, పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని అతుకుల మీదుగా జారి ఏది కారుతుందో తెలీదు. ప్రెషర్ వాషర్ మాత్రం అస్సలు వాడకండి, బాగున్న అతుకుల్లోకి కూడా నీరు తోసేస్తుంది. ఓపిక లేదనుకుంటే ఆర్‌వీ షాపుల్లో ప్రెషర్ టెస్ట్ చేస్తారు, రూఫ్ వెంట్‌కి బ్లోయర్ బిగించి లోపలికి గాలి నింపి బయట అతుకుల మీద సబ్బు నీళ్ళు కొడతారు, ఎక్కడ బుడగలొస్తే అక్కడ కన్నం ఉన్నట్టు. నన్నడిగితే ఆ డబ్బులు దండగ కాదు.

ఇక ఆ సిలికాన్. అది తియ్యాల్సిందే. బాత్రూమ్ సిలికాన్‌కి రూఫ్ రబ్బరు మీద పట్టు సరిగా ఉండదు, కొన్నాళ్ళకి అంచు లేస్తుంది, దాని కిందకి నీరు దూరుతుంది. అంతకంటే పెద్ద బాధేంటంటే అది తీసేశాక మిగిలే కంటికి కనపడని జిడ్డు మీద ఏ సీలెంటూ, ఏ టేపూ, చివరికి కొత్త సిలికాన్ కూడా సరిగా అతుక్కోదు. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో ఓపిగ్గా గీకండి, లోహపు బ్లేడు వద్దు, పొర చిరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గుడ్డ మార్చి మార్చి తుడవండి. తర్వాత ఏదైనా టేపు వెయ్యాల్సొస్తే ఆ సిలికాన్ ఉన్న జాగా దాటి కనీసం రెండు అంగుళాలు శుభ్రమైన పొర మీద ఆనేంత వెడల్పు టేపు తీసుకోండి.

ప్రశ్న: మా రూఫ్ రబ్బరుదో ఫైబర్‌గ్లాస్‌దో మాకే తెలీదు. ఏ సీలెంట్ కొనాలో ఎలా తెలుస్తుంది? (ఎడిసన్, న్యూజెర్సీ)

కొనేముందు ఇది అడిగినందుకు సంతోషం, చాలామంది కొన్నాక అడుగుతారు. పైకెక్కి అరచెయ్యి పెట్టి రుద్దండి. చేతికి సుద్దపొడిలా తెల్లగా అంటితే చాలావరకు ఇపిడిఎం రబ్బరు, దాని పైపొర ఎండకి అలా రాలుతూ ఉంటుంది, కొంతవరకు అది మామూలే. వెంట్ మూత కింద కనపడని చోట కోసిన అంచు చూస్తే పైన తెలుపు, అడుగున నలుపు ఉంటుంది. సుద్ద పెద్దగా అంటకుండా కొంచెం మెరుస్తూ ప్లాస్టిక్ తీరుగా బిర్రుగా ఉంటే టీపీఓ అనే ఇంకో రకం పొర. గట్టిగా ఉండి వేలితో కొడితే టకటకమంటే ఫైబర్‌గ్లాస్. అల్యూమినియం అయితే చూడగానే రేకని తెలిసిపోతుంది, అయస్కాంతం అంటుకోదు. బండి బ్రోషర్ నెట్‌లో దొరికితే అందులో కూడా రాసుంటుంది.

ఇపిడిఎం మీద పెట్రోలియం కలిసిన క్లీనర్లు, నారింజ నిమ్మ నూనెలతో చేసిన క్లీనర్లు వాడకండి. రబ్బరు ఉబ్బిపోతుంది, కింద జిగురు వదిలేస్తుంది. గిన్నెలు తోమే సబ్బు, మెత్తటి బ్రష్, బోలెడు నీళ్ళు, అంతే. సీలెంట్ విషయానికొస్తే రబ్బరుకీ టీపీఓకీ రెంటికీ ఆర్‌వీల కోసమే చేసిన ల్యాప్ సీలెంట్ (అంచులూ స్క్రూలూ కప్పేలా పైన పూసేది) సరిపోతుంది, ఎక్కువగా కనపడేది డైకోర్ కంపెనీది. ఫైబర్‌గ్లాస్‌కీ అల్యూమినియంకీ సికాఫ్లెక్స్ లాంటి పాలీయురెథేన్ సీలెంట్లు కూడా బాగా పనిచేస్తాయి. ట్యూబ్ వెనక ఏ మెటీరియల్ మీద వాడాలో రాసుంటుంది, అక్కడ మీ రూఫ్ పేరు లేకపోతే ఆ ట్యూబ్ షాపులోనే వదిలేసి రండి.

ప్రశ్న: అన్నా, ల్యాప్ సీలెంట్ బెటరా, ఎటర్నాబాండ్ టేప్ బెటరా? యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. ఎలా వెయ్యాలో కూడా కొంచెం వివరంగా చెప్పు, నేనే చేద్దామనుకుంటున్నా. (శాన్ రమోన్, కాలిఫోర్నియా)

తమ్ముడూ, రెండూ కావాలి, ఎక్కడ ఏది అనేదే తెలియాలి. పొడుగ్గా తిన్నగా ఉండి జన్మలో విప్పే అవసరం రాని అతుకులు, అంటే ముందు క్యాప్, వెనక క్యాప్ అతుకులు, వీటికి టేపు. ఎప్పుడో ఒకప్పుడు విప్పి మార్చాల్సినవి, అంటే ఫ్యాన్ వెంట్లు, షవర్ మీద స్కైలైట్, యాంటెన్నా, ప్లంబింగ్ గొట్టాల చుట్టూ, వీటికి సీలెంట్. ఎటర్నాబాండ్ ఒకసారి పట్టిందంటే ఊడదియ్యడం నరకం, దాంతోపాటు రూఫ్ పొర కూడా లేచి వస్తుంది, ఫ్యాన్ చుట్టూ టేపు వేసి రెండేళ్ళకి ఫ్యాన్ కాలిపోతే అప్పుడు తెలుస్తుంది ఆ బాధ.

ఇంకో మాట ముందే అర్థం చేసుకో. పైన కనపడే సీలెంట్ ఒక్కటే నీటిని ఆపట్లేదు. వెంట్ అంచు కింద, స్క్రూల కింద బూడిదరంగులో జిగురు పట్టీ ఒకటి ఉంటుంది, బ్యూటైల్ టేప్ అంటారు, అసలు కాపలా దానిది, పైన సీలెంట్ స్క్రూ తలల్నీ అంచునీ ఎండా వానా తగలకుండా కప్పుతుంది. వెంట్ పట్టుకుని కదిపితే కదులుతోందంటే, స్క్రూలు తిప్పితే పట్టు లేకుండా తిరుగుతున్నాయంటే పైన ఎన్ని ట్యూబులు పోసినా వేస్టే. దాన్ని ఊడదీసి కింద చెక్క బాగుందో లేదో చూసి కొత్త బ్యూటైల్ వేసి మళ్ళీ బిగించి అప్పుడు పైన సీలెంట్ పెట్టాలి.

పని చేసే రోజు వాన సూచన ఉండకూడదు, ఎండ 50 ఫారెన్‌హీట్ డిగ్రీల పైన ఉండాలి, పొద్దున్నే మంచు తడి ఆరాక మొదలుపెట్టు. పాత సీలెంట్ అంతా గీకెయ్యాలని కొందరు భయపెడతారు, అక్కర్లేదు. వేలితో లాగితే లేచేది, బీటలు తీసి పెంకులు కట్టినది తీసెయ్, గట్టిగా పట్టుకున్నది ఉండనీ, దాని మీదే కొత్తది పడుతుంది, కాకపోతే దుమ్ము జిడ్డు లేకుండా సబ్బుతో కడిగి, ఆరాక ఆల్కహాల్‌తో తుడవాలి. ఈ తుడిచే పనికి మిగతా అంతా కలిపినంత టైమ్ పడుతుంది, పట్టనివ్వు. నువ్వు వేసింది ఆరు నెలలుంటుందో ఆరేళ్ళుంటుందో ఇక్కడే తేలిపోతుంది.

సెల్ఫ్ లెవెలింగ్ అని ఒక రకం, నాన్ శాగ్ అని ఇంకో రకం వస్తాయి. మొదటిది దోసె పిండిలా దానంతటదే పరుచుకుంటుంది, స్క్రూల చుట్టూ సందుల్లోకి దిగుతుంది, బల్లపరుపుగా ఉన్న చోట అదే కావాలి. క్యాప్ వంపు తిరిగే చోట, పక్క గోడల మీద అది వేస్తే బండి కిందకి తెల్లటి చారలు కారతాయి, అక్కడ నాన్ శాగ్ వెయ్యాలి. గన్‌తో ముందు అంచు వెంబడి ఒక గీత, తర్వాత ఒక్కో స్క్రూ తల మునిగేలా ఒక ముద్ద, ఆ పైన మొత్తం కలుపుతూ ఇంకో గీత. వేలితో రుద్దకు, దానికదే సర్దుకుంటుంది. ఒక ట్యూబ్ 10.3 ఔన్సులు, బండి వెడల్పు దాదాపు 8 అడుగులు, అంటే ఒక్కో అడ్డ అతుక్కి ఒకటి నుంచి ఒకటిన్నర ట్యూబ్ లెక్కేసుకో, వెంట్లకి వేరే. పైన చర్మం కొన్ని గంటల్లోనే కడుతుంది, లోపలంతా గట్టిపడటానికి నెల దాకా పట్టొచ్చు, అప్పటిదాకా నొక్కి చూడకు.

టేపు వేసేటప్పుడు కింద ఎత్తుపల్లాలు లేకుండా పాత సీలెంట్ ముద్దలు చదును చెయ్యి, ముద్ద పక్కన గాలి సొరంగం మిగిలిందంటే నీటికి అదే కాలవ. 4 అంగుళాల టేపు చాలాచోట్ల సరిపోతుంది. అతుకు టేపు మధ్యకి వచ్చేలా ముందు పెన్సిల్‌తో గీత గీసుకో, వెనక కాగితం ఒక్కసారే పీకకుండా అడుగు అడుగు వదులుతూ పరుచు, ఎందుకంటే తగిలితే పట్టేస్తుంది, జరిపే అవకాశం ఉండదు. మూలలు గుండ్రంగా కత్తిరించు, కోసుగా ఉన్న మూలలే ముందు లేస్తాయి. పరిచాక చిన్న రోలర్‌తో బలంగా రుద్దాలి, ఆ జిగురు ఒత్తిడికే పట్టేది. చేత్తో నొక్కాను చాలు అనుకోకు, రోలర్ కొనుక్కో.

ప్రశ్న: బాబూ, నేను రిటైర్డ్ ఇంజనీరుని, రాజమండ్రి నుంచి మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. వాడి బండి పైన ఒక్కో అతుకూ పట్టుకుని కూర్చోవడం కంటే, మన డాబాల మీద వేసినట్టు మొత్తం ఒక వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసేస్తే పోదా? తారు కలిసినది ఇక్కడ చవగ్గా దొరుకుతోంది. (షార్లెట్, నార్త్ కరోలినా)

బాబాయి గారూ, తారు కలిసినది మాత్రం దయచేసి వద్దండి. రబ్బరు పొరకి పెట్రోలియం పడదు, కొన్ని నెలల్లో ఉబ్బి బుడగలు లేస్తుంది, ఆ తర్వాత రూఫ్ మొత్తం మార్చడం తప్ప దారుండదు. డాబాకీ దీనికీ ఉన్న తేడా మీకు నేను చెప్పక్కర్లేదు, డాబా ఒక చోట నిలబడి ఉంటుంది, ఇది గంటకి 60 మైళ్ళ వేగంతో గుంతల్లో మెలికలు తిరుగుతూ పోతుంది. ముందు క్యాప్ ఫైబర్‌గ్లాస్, రూఫ్ రబ్బరు, పక్కన ట్రిమ్ (అంచు పట్టీ) అల్యూమినియం, మూడూ ఎండకి మూడు రకాలుగా సాగుతాయి, చలికి మూడు రకాలుగా ముడుచుకుంటాయి. ఆ కదలిక అంతా అతుకు మీదే పడుతుంది. గట్టిగా బిగుసుకుపోయే ఏ కోటింగయినా ముందు చిట్లేది అక్కడే.

ఆర్‌వీల కోసం చేసిన కోటింగులు ఉన్నాయండి, పొర అరిగిపోయి నల్లరంగు బయటపడుతున్న పాత రూఫ్‌కి అవి మంచివే, ఇంకొన్నేళ్ళు ఆయుష్షు పోస్తాయి. కాకపోతే అతుకులన్నీ టేపుతో, సీలెంట్‌తో సరిచేశాకే పైన కోటింగ్. సిలికాన్ కోటింగ్ ఎంచుకుంటే ఇక మీదట దాని మీద సిలికాన్ తప్ప ఇంకేదీ పట్టదు, అది తెలిసి ఎంచుకోండి. ఇంకోటి, మీరు పైకి ఎక్కకండి బాబాయి గారూ. ఆ పని అబ్బాయికి వదిలెయ్యండి, కింద నుంచి మీరు చెప్తే చాలు.

ప్రశ్న: రూఫ్ మీద నడవొచ్చా? మంచు పడే ముందు ఏమైనా చెయ్యాలా? (నోవై, మిషిగన్)

వెనక నిచ్చెన ఫ్యాక్టరీలోనే బిగించి ఉంటే చాలావరకు నడవడానికి పనికొచ్చే రూఫే, అయినా మాన్యువల్ చూసుకోండి. రెండడుగుల వెడల్పు ప్లైవుడ్ ముక్క పరిచి దాని మీద మోకాళ్ళతో కదిలితే బరువు దూలాల మీద పంచుకుపోతుంది. పొర తడిగా ఉంటే సబ్బు రాసిన నేల కంటే ఎక్కువ జారుతుంది, 11 అడుగుల పైనుంచి పడితే ఏమవుతుందో ఆలోచించండి, తడి రూఫ్ ఎక్కకండి, ఒక్కరే ఉన్నప్పుడు అసలే ఎక్కకండి.

మిషిగన్ చలికి భయపడాల్సింది సన్న బీటల గురించి. బీటలో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది, శీతాకాలం అయ్యేసరికి వెంట్రుక మందం సందు గోరు పట్టేంత అవుతుంది. అందుకని అక్టోబర్ చలి ముదరక ముందే చూసి సీల్ చేసెయ్యండి. బండిని కొంచెం ఒక పక్కకో వెనక్కో వాలుగా పార్క్ చేస్తే నీరు నిలవదు. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించేవాళ్ళున్నారు, గాలికి అది కొట్టుకుని కొట్టుకుని రూఫ్‌ని గీరేస్తుంది, లోపల చెమ్మ బయటికి పోదు, గాలి ఆడే ఆర్‌వీ కవర్ కొనండి లేదా కప్పకుండా వదిలెయ్యండి.

ప్రశ్న: కొత్త బండి, కొని 14 నెలలు. వెనక మూలలో లీకైతే డీలర్ "మీరు సీలెంట్ మెయింటెనెన్స్ చెయ్యలేదు, వారంటీ వర్తించదు" అన్నాడు. ఇది న్యాయమేనా? (ఆల్ఫరెటా, జార్జియా)

మీ కోపం నాకర్థమవుతుంది, లక్ష డాలర్లు పోసి కొన్న బండికి ఏడాది తిరిగేసరికి నీళ్ళు కారుతుంటే ఎవరికైనా మండుతుంది. కానీ మాన్యువల్ తీసి చదవండి. చాలా కంపెనీలు అతుకులు 90 రోజులకోసారి లేదా ఆరు నెలలకోసారి ఓనరే చూసుకోవాలి, చెయ్యకపోతే నీటి నష్టం కవర్ కాదు అని రాసే ఇస్తున్నాయి, అమ్మేటప్పుడు ఆ పేజీ ఎవరూ తిప్పి చూపించరు, అది నాకు నచ్చని విషయం. బీమావాళ్ళు కూడా అంతే, చెట్టు పడి చిరిగితే ఇస్తారు, నెమ్మదిగా కారి చెక్క కుళ్ళితే అది మెయింటెనెన్స్ లోపం అంటారు.

మీరు చెయ్యగలిగింది ఉంది. లీకైన చోట ఫోటోలు తీయండి, ఆ మూలలో ఫ్యాక్టరీ సీలెంట్ అసలు పడనే లేదా, పడి వదిలిందా అన్నది దగ్గర్నుంచి కనపడేలా. స్క్రూ దూలానికి తగలకుండా గాలిలో ఉంటే, పొర అంచు పొట్టిగా కోసుంటే అది తయారీ లోపం, మీ మెయింటెనెన్స్‌తో దానికి సంబంధం లేదు. డీలర్ దగ్గర ఆగిపోకుండా ఆ ఫోటోలతో తయారీ కంపెనీకి రాతపూర్వకంగా రాయండి, ఫోన్‌లో మాట్లాడింది లెక్కలోకి రాదు. ఇవాళ్టి నుంచి మూడు నెలలకోసారి రూఫ్ నాలుగు మూలలా ఫోటోలు తీసి తేదీతో దాచుకోండి, పది నిమిషాల పని. ఈలోగా తాత్కాలికంగా టేపు వెయ్యడానికి వెనకాడకండి, వెయ్యకముందు ఫోటో, వేశాక ఫోటో ఉంటే చాలు. నష్టం పెరక్కుండా చూసుకోవడం కూడా మీ బాధ్యతే అని వాళ్ళే అంటారు.

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ట్రావెలర్ వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్పించుకున్నాం. పైన రెండు సోలార్ ప్యానెళ్ళు, ఒక వెంట్ ఫ్యాన్ పెట్టించాం. జులై వానలకి స్క్రూల దగ్గర్నుంచి కారుతోంది. డైకోర్ ఇక్కడ దొరకట్లేదు. (కూకట్‌పల్లి)

మీకు అది అక్కర్లేదండి. మీది ఇనుప రేకు రూఫ్, కాబట్టి పాలీయురెథేన్ సీలెంట్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కారు ముందద్దాలు అతికించేవాళ్ళు, బస్సు బాడీ కట్టేవాళ్ళు వాడేది ఆ జాతిదే. మీ అసలు శత్రువు తుప్పు. రేకుకి కన్నం వేసి, కోసిన అంచుకి ప్రైమర్ రాయకుండా స్క్రూ బిగిస్తే ఒక్క వానాకాలంలో ఆ అంచు తుప్పు పట్టి పెంకులుగా లేస్తుంది, పైన వేసిన సీలెంట్ ఆ తుప్పుతో సహా ఊడి వస్తుంది. స్క్రూలన్నీ తీయించి, తుప్పు మెరిసేదాకా గీకించి, ప్రైమర్, పెయింట్ వేయించి, ఆరాక స్టెయిన్‌లెస్ బోల్టులు రబ్బరు వాషర్లతో, కింద సీలెంట్ పెట్టి బిగించమనండి. బిగించాక చుట్టూ పూయడం కాదు, ముందు కింద పెట్టి ఆ పైన బిగించాలి, అది దగ్గరుండి చూసుకోండి. వైరు లోపలికి వచ్చే చోట కేబుల్ గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకునే బిరడా) వేయించండి, ఉత్త కన్నంలో సీలెంట్ కుక్కితే వైరు కదిలినప్పుడల్లా సందు పడుతుంది. వీలైతే ప్యానెళ్ళని రూఫ్ అంచు గట్టర్‌కి బిగించే క్యారియర్ మీదకి మార్చేయండి, అప్పుడు అన్ని కన్నాలే ఉండవు. విజయవాడ ఆటోనగర్‌లోనూ మీ దగ్గర బాడీ బిల్డింగ్ షెడ్లలోనూ ఈ పని చేతికొచ్చినవాళ్ళు ఉన్నారు, ఇళ్ళకి వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్ళని మాత్రం పిలవకండి.

ప్రశ్న: వచ్చే నెల పాత మోటార్‌హోమ్ ఒకటి చూడ్డానికి వెళ్తున్నాం. అమ్మేవాళ్ళు ఎప్పుడూ కారలేదంటున్నారు. ఎలా కనిపెట్టాలి? (నేపర్‌విల్, ఇల్లినాయి)

తలుపు తియ్యగానే వాసన చూడండి. మూసిన గది ముక్క వాసన, లేదా దాన్ని కప్పడానికి ఘాటైన ఎయిర్ ఫ్రెషనర్, రెండిట్లో ఏదున్నా జాగ్రత్త పడండి. పైన అల్మారాలు తెరిచి మూలల్లో టార్చ్ వెయ్యండి, అక్కడ పెయింట్ వెయ్యాలని ఎవరికీ తోచదు కాబట్టి మరకలు అలాగే ఉంటాయి. కిటికీల కింద, మూలల్లో గోడని బొటనవేలితో నొక్కుతూ పోండి. బయట గోడ మీద చెంప ఆనించేంత దగ్గరగా పక్కనుంచి చూడండి, బుడగలా ఉబ్బి కనపడితే లోపల ప్లైవుడ్ నాని ఫైబర్‌గ్లాస్ నుంచి విడిపోయింది, దాన్ని బాగుచేయించడం వేల డాలర్ల మాట, ఆ బండి వదిలెయ్యండి. పక్క గోడ పైన ట్రిమ్‌లో స్క్రూలు కప్పే ప్లాస్టిక్ పట్టీ ముడుచుకుపోయి, స్క్రూల నుంచి కిందకి తుప్పు చారలు దిగి ఉంటే ఆ అంచులో కూడా నీరు ఆడుతోంది.

చివరికి నిచ్చెన అడిగి పైకెక్కండి, ఎక్కనివ్వకపోతే అక్కడి నుంచే వెనక్కి వచ్చెయ్యండి. ఎండి బీటలు తీసిన పాత సీలెంట్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది నిన్నగాక మొన్న రూఫంతా ఇష్టమొచ్చినట్టు పోసిన కొత్త సీలెంట్, ఏదో దాస్తున్నారని అర్థం, ఎందుకు వేశారో, ఎక్కడ కారిందో సూటిగా అడగండి. పిన్నులుండే చిన్న తేమ మీటర్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, పొడిగా ఉన్నచోట ఎంత చూపిస్తోందో ముందు చూసి, మూలల్లో దానికంటే బాగా ఎక్కువ చూపిస్తే అక్కడ నీరుంది. బండి ఖరీదైనదైతే ఎన్‌ఆర్‌వీఐఏ (అమెరికాలో ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని పిలిపించుకోండి, అమ్మేవాళ్ళు చూపించే మనిషిని కాదు, మీరు వెతుక్కున్న మనిషిని. రిపోర్టు చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.